ఏడు రోజుల ఉచిత పాఠాలు

మొన్న ఆఫీసులో అందరికీ ఒక మెయిల్ వచ్చింది, ఇకమీదట ఏ ఆన్‌లైన్ కోర్సయినా కంపెనీ ఖర్చుతోనే చూసుకోవచ్చని. హైటెక్ సిటీలోని మా ఫ్లోర్‌లో దాన్ని ఎవరూ పూర్తిగా చదివినట్టు లేదు. నేను మాత్రం ఆఖరి అక్షరం దాకా చదివాను. అలాంటి ఒక్క లాగిన్ కోసం ఒకప్పుడు చుట్టాలందరి ఫోన్లూ మోగించినదాన్ని మరి.

ఇంజనీరింగ్ అయిపోయి ఏడాది దాటినా ఉద్యోగం రాని రోజులవి. ఒక యాప్‌లో కోడింగ్ పాఠాలు బాగున్నాయని తెలిసి, నెల ఫీజు ఎంతో నాన్నకు చూపించాను. చందానగర్‌లో మోటార్లకు వైండింగ్ చేసే చిన్న షాపు మాది. ఆయన ఫోన్ వైపు చూడకుండానే, "నాలుగేండ్లు కాలేజీకి కట్టిన. ఇగ ఫోన్‌కు గూడ ఫీజు కట్టాల్నా?" అన్నాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అనకూడని మాటేదో అనేసి, ఆయనతో మాట్లాడటం మానేశాను.

ఆ యాప్‌లో మొదటి ఏడు రోజులు ఉచితం, ఆ తర్వాత పాఠాలు ఆగిపోతాయి, ఇంకో నంబరుతో చేరితే మళ్లీ ఏడు రోజులు. మీలోనూ చాలామంది ఈ పని చేసే ఉంటారు కాబట్టి దాచడమెందుకు. అమ్మ నంబరు, నార్సింగిలో మేనత్త నంబరు, కొత్తగూడలో చిన్నమ్మ నంబరు, ఆఖరికి కింది వాటాలో ఆంటీ నంబరు కూడా వాడేశాను. చిక్కేమిటంటే, చేరిన ప్రతిసారీ మొదటి పాఠం నుంచే మొదలుపెట్టాలి, ఒకటి పూర్తి చేస్తేగాని రెండోది తెరుచుకోదు. పాతవన్నీ పరుగులు పెట్టి దాటుకుంటూ వారానికి నాలుగైదు కొత్త పాఠాలు సంపాదించేదాన్ని. పైగా గడువు తీరిన ప్రతి నంబరుకూ కోర్సు కొనమని ఫోన్లు. మేనత్త అయితే, "మా పిల్ల సదువుకుంటున్నది, నన్నెందుకు పరేషాన్ చేస్తవ్ బిడ్డా, ముందుగల్ల నువ్వు తిన్నవా చెప్పు" అని ఆ ఫోన్ చేసిన అమ్మాయినే పలకరించేదట.

ఇంతలో ఒక కంపెనీ నుంచి పరీక్షకు పిలుపు వచ్చింది. వారమే వ్యవధి. చివరి పాఠాలు చూడకుండా వెళితే ఇదీ పోతుందని తెలుసు, మిగిలిన నంబరు నాన్నది ఒక్కటే. షాపుకు వెళ్లి, తలెత్తకుండా సంగతి చెప్పాను. రాగి తీగ చుడుతున్న చేతిని ఆపకుండానే, "అందరి ఫోన్లు అయిపోయినంక నేను యాదికొచ్చిన్నా?" అన్నాడు. తర్వాత చేతులు తుడుచుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, ఓటీపీలోని ఆరు అంకెలూ ఒక్కొక్కటిగా చదివి వినిపించాడు.

పరీక్ష గట్టెక్కాను, ఉద్యోగం వచ్చింది. ఆఫర్ లెటర్ చూపిద్దామని షాపుకు వెళ్లేసరికి, కోర్సు అమ్మేవాళ్లు నాన్నతో ఫోన్‌లో మాట్లాడుతున్నారు. కట్ చేసెయ్ అన్నాను. ఆయన మాత్రం ఒక నెలకు ఫీజు ఎంత పడుతుందో శ్రద్ధగా కనుక్కుని, తన ఫోన్ నా చేతికిచ్చి కట్టమన్నాడు.

"ఉద్యోగమే వచ్చింది కద నాన్నా, ఇంక ఎందుకు కట్టుడు?" అని గొంతు పెంచాను.

"మోటార్ బాగు చేయించుకొని, మంచిగ నడుస్తుందని చూసుకొని, పైసలియ్యకుండ పోతే నాకెట్లుంటది? పాఠం చెప్పినాయనకు గూడ గట్లనే ఉంటది కద."

ఫోన్ కౌంటర్ మీద ఆయన ముందే పెట్టి, ఆ నెల ఫీజు కట్టాను. ఉద్యోగం వచ్చిందన్న గర్వం కంటే, ఈయన కూతురినన్న గర్వమే ఆ పూట నాకు ఎక్కువగా అనిపించింది.

ఇప్పుడు పాటలకూ సినిమాలకూ పాఠాలకూ నెల తిరగగానే నా జీతంలోంచి డబ్బు దానంతటదే కట్ అవుతూ ఉంటుంది, దేనికెంతో చూసుకునే ఓపిక కూడా నాకు లేదు. కట్టే స్తోమత వచ్చింది. కానీ కౌంటర్ మీద ఫోన్ పెట్టుకుని, అంకెలు సరిచూసుకుని, డబ్బు వాళ్లకు చేరిందా అని నన్ను రెండుసార్లు అడిగి నాన్న కట్టిన ఆ ఒక్క నెల ఫీజులో ఉన్న మర్యాద, ఎంత కట్టినా నాకు ఇంకా అలవడలేదు.