సరిహద్దు అవతలి పోకర్

మిర్యాలగూడలో రైస్ మిల్లు గుమస్తాగా ఉన్న రోజుల్లో నాకు ఆన్‌లైన్ పోకర్ టోర్నమెంట్ల పిచ్చి పట్టింది. డబ్బు పెట్టి ఆడే యాప్ అప్పట్లో తెలంగాణలో పనిచేసేది కాదు, ఆంధ్రలో పనిచేసేది. అందుకని ఆదివారం కోదాడ బస్సెక్కి, అక్కడి నుంచి షేర్ ఆటోలో సరిహద్దు దాటి, ఒక టీ హోటల్లో కూర్చుని ఆడి వచ్చేవాణ్ని. ఇంట్లో ధాన్యం బేరమని చెప్పేవాణ్ని.

అయినా నేను లెక్క ఉన్న మనిషినే. ఆటకని ఇరవై వేలు విడిగా పెట్టుకున్నాను. ఏ టోర్నమెంటుకూ అందులో నూరో వంతు, అంటే రెండు వందలు మించి కట్టకూడదు. ఏడాదిపాటు ఆ నియమమే నన్ను కాపాడింది. తర్వాత వరుసగా ఓడాను. రోషం వచ్చింది. రెండు వందలు కాస్తా ఐదు వందలై, ఆపైన వెయ్యి అయింది. చివరికి మూడు వేలు మిగిలాయి.

ఆ ఆదివారం పది వేల ఎంట్రీ ఉన్న టోర్నమెంటు. బ్యాంకులో మా అమ్మాయి ఇంటర్ ఫీజు పన్నెండు వేలుంది. మర్నాడు సూర్యాపేటలో కట్టకపోతే సీటు పోతుంది. అందులోంచే తీద్దామనుకున్నాను. గెలిచి సాయంత్రానికల్లా తిరిగి వేసేస్తానట, నా మొహం.

కోదాడ దాటాక సిమెంటు లారీ ఒకటి రోడ్డుకు అడ్డంగా ఆగిపోయింది. యాప్ తెరిస్తే, మీరున్న చోట ఆడటం కుదరదంది.

"జర ఓపిక పట్టు అన్నా, ఇంక నాలుగు కిలోమీటర్లే," అన్నాడు ఆటో డ్రైవర్.

లారీ కదలకముందే ఎంట్రీ గడువు ముగిసింది. నాకు బుద్ధొచ్చి దిగిపోయానని చెప్పుకోవాలనే ఉంది గానీ, నన్ను ఆపింది ఆ లారీయే.

ఏడుపు రావాలి. కానీ జ్వరం దిగినట్టు ఒళ్లు తేలికైంది. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. వెనక్కి తిరిగి సూర్యాపేట బస్సెక్కాను. మునగాల దగ్గర నిద్ర కూడా పట్టేసింది. అడ్మిషన్ల రోజులు కావడంతో ఆదివారమైనా కాలేజీ ఆఫీసు తెరిచే ఉంది. ఫోన్‌లోనే ఫీజు కట్టి రసీదు తీసుకున్నాను.

ఇంటికెళ్లి రసీదు మా ఆవిడ చేతిలో పెట్టి, జరిగిందంతా చెప్పేశాను. తను కోప్పడలేదు. ఆ ఖాతా మా ఇద్దరి పేరు మీదా ఉంది, డబ్బు కదిలితే తన ఫోన్‌కూ మెసేజ్ వస్తుంది. ఆత్రంలో ఆ సంగతే మరిచిపోయాను.

"నువ్వు గాడికి ఎందుకు పోతున్నవో నాకు ఎర్కనే," అంది. "పొద్దటి సంది ఫోన్ ఒళ్లో పెట్టుకొని కూసున్న. మూడింటికి మెసేజ్ వచ్చింది. కాలేజీ పేరు సూసినంకనే ఇంత అన్నం తిన్న."