తోటలో మోకాళ్ల వైద్యం

బెంగళూరు నడిబొడ్డున ఒక పెద్ద తోట ఉంది. ఎవరైనా దాని గురించి "ఆహా, ఎంత ప్రశాంతంగా ఉంటుందో!" అని మొదలుపెట్టారంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. తోట పేరు చెప్పను. చెబితే మీరు వెళ్తారు, వెళ్లొచ్చి ఫోటోలు చూపిస్తారు, ఆ ఫోటోల్లో ఏదో ఒక మూల ఆ పచ్చబోర్డు కనిపిస్తుంది, ఇక ఆ పూట నాకు అన్నం సయించదు. అలాంటి ప్రశాంతతను ఒక ఆదివారం ఉదయం ఈ రెండు చేతులతో పీకి పోగులు పెట్టిన ఘనుణ్ణి నేను. వినండి, నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. జాలి మాత్రం పడకండి. అప్పటి నన్ను తలుచుకుంటే నాకే రెండు తగిలించాలనిపిస్తుంది.

అప్పుడు నేను హెబ్బగోడిలో ఒక ఫ్యాక్టరీలో స్టోర్స్ చూసేవాణ్ణి. ప్రొద్దుటూరు నుంచి వచ్చి కొన్ని నెలలే అయింది. ఇంతలో మా మేనమామ ఓబులేసు ఒక సంబంధం మోసుకొచ్చాడు. చిక్కపేటలో చీరల అంగడి నడిపే నారాయణప్పగారి ఒక్కగానొక్క కూతురు, పేరు గిరిజ. తాతల కాలంలోనే బెంగళూరు వచ్చి స్థిరపడిన తెలుగువాళ్లు. నారాయణప్పగారికి ఉన్నది ఒకటే పట్టింపు. రేపు అంగట్లో కూర్చోవాల్సిన అల్లుడికి కన్నడం రావాలి. మా మామ ఏం చేయాలి? నన్ను ఒక్క మాట అడగాలి. అడగలేదు. "మావోడు కన్నడంలోనే కలలు కంటాడు" అని చెప్పి, కాఫీ తాగి, సంబరంగా తిరిగొచ్చాడు.

"నాకు కన్నడం యాడొచ్చు మామా?" అని నేను ఎగిరిపడ్డాను.

"తెలుగొచ్చు గదరా! అదీ ఇదీ ఒకటే. మన పాలు వాళ్లకి హాలు, మన పులి వాళ్లకి హులి, మన పువ్వు వాళ్లకి హూవు. ప తీసేసి హ పెట్టు."

"అన్నిటికీ ప ఉండదు గదా?"

"వ ఉంటే బ పెట్టు. మన వెన్న వాళ్లకి బెణ్ణె. మన వేప వాళ్లకి బేవు. వేరు బేరు. అంతే, అయిపాయె కన్నడం!"

ఆ రోజే ఆ మనిషిని బస్సెక్కించి పంపేసి ఉంటే ఇంత కథ ఉండేది కాదు. కానీ అంతకు ముందే నేను గిరిజ ఫోటో చూసి ఉన్నాను. ఆ సంబంధం తప్పిపోతే ఇక నాకు బతుకే లేదనుకున్నాను. పైగా మామ చెప్పిన సూత్రాలు రెండూ చాలా సులువుగా ఉన్నాయి. వాటితో ఏకంగా ఒక భాషను జేబులో వేసుకున్నానని నమ్మాను. ఆ వయసులో బుర్ర ఉండదని అందరూ అంటారు. ఉంటుంది, కాకపోతే మనకు వ్యతిరేకంగా పనిచేస్తుంది.

పెళ్లిచూపులు ఇంట్లో అయితే చుట్టాలు పోగవుతారు, తోటలో అయితే ప్రశాంతంగా మాట్లాడుకోవచ్చని నారాయణప్పగారే అన్నారు. ప్రశాంతంగా! ఆ మాట విన్నప్పుడే నాకు ఎడమకన్ను అదరాల్సింది.

గేటు దగ్గర కలిశాం. నారాయణప్పగారు, ఆయన భార్య రత్నమ్మగారు, గిరిజ ఒకవైపు, నేనూ మా మామ ఒకవైపు. నారాయణప్పగారు నన్ను ఎగాదిగా చూసి, నా కన్నడం లోతు కొలుద్దామని కాబోలు, "తిండి ఆయ్తేనప్పా?" అన్నారు. పొద్దున టిఫిను అయిందా అని అడుగుతున్నారని తెలిసిపోయింది. నేను పప్పన్నం తిని వచ్చాను. వెంటనే సూత్రం తీశాను.

"ఆయ్తు మామా! హప్పు అన్న!"

ఆయన మొహం జాలితో నిండిపోయింది. "హప్పళమా? పొద్దన్నే ఉత్త అప్పడాలేసుకొని అన్నం తిన్యావా నాయనా? కూరా నారా ఏమీ లేదా రూములో?"

గిరిజకు ఉన్నట్టుండి దగ్గు వచ్చింది. చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు దగ్గింది. పాపం, తోటలో పుప్పొడి పడలేదేమో అనుకున్నాను. చూశారా నా తెలివి!

కొంచెం దూరం నడిచామో లేదో రత్నమ్మగారు మోకాలు పట్టుకుని ఒక బెంచీ మీద కూలబడ్డారు. "నా వల్ల కాదు. మీరు పోయి చెరువు చూసి రాండి" అన్నారు. నారాయణప్పగారు, మా మామ మాటలు మాట్లాడుకుంటూ చెరువు వైపు వెళ్లారు. అమ్మకు తోడుగా గిరిజ ఆగింది. గిరిజ ఆగింది కాబట్టి నేనూ ఆగాను.

రత్నమ్మగారు మంచి మనిషి. ఫ్లాస్కులోంచి కాఫీ పోసిచ్చారు. మోకాళ్ల కథ చెప్పారు. తిరగని ఆస్పత్రి లేదు, పూయని నూనె లేదు. నేను తలాడిస్తూ, ఇంత మంచి అత్తగారి మనసు ఎలా గెలవాలా అని దిక్కులు చూస్తున్నాను. అప్పుడు కనబడింది, బెంచీ వెనక దట్టంగా పెరిగిన ఒక మొక్కల వరుస, దాని మధ్యలో పచ్చబోర్డు. కన్నడ అక్షరాలు మన అక్షరాలకు దగ్గర చుట్టాలే. కూడబలుక్కుని చదివాను.

"ఎలె, హూవు కీళబేడి."

ఎలె అంటే ఆకు. హోటల్లో అరిటాకు భోజనాన్ని ఎలె ఊట అంటారు, తిన్నాను కాబట్టి తెలుసు. హూవు అంటే పువ్వు, అది మామ పాఠంలోనే ఉంది. ఇక మిగిలింది కీళబేడి. కీళ అంటే కీళ్లు, అందులో సందేహమేముంది? బేడి? వ తీసి బ పెట్టారు, కాబట్టి అది వేడి! ఆకు, పువ్వు, కీళ్లకు వేడి. అంటే ఈ ఆకులూ పువ్వులూ వేడిచేసి కీళ్లకు కట్టుకోవాలి. నా ఒళ్లు జలదరించింది.

మీలో బెంగళూరులో ఉన్నవాళ్లు ఈపాటికి నెత్తి కొట్టుకుంటూ ఉంటారు. కొట్టుకోండి. బేడ అంటే వద్దు అని నాకూ తెలుసండీ! ఆటోవాళ్ల దయవల్ల మొదటి వారంలోనే తెలిసింది. కానీ అది బేడ, ఇది బేడి. గుడి దగ్గర, దీర్ఘం దగ్గర ఎంతో జాగ్రత్తగా ఉండాలని మా తెలుగు మాస్టారు బెత్తంతో నేర్పించారు. ఆ జాగ్రత్తే నా కొంప ముంచింది. బోర్డు కింది వరుసలో ఇంగ్లిషులో కూడా ఏదో రాసి ఉంది గానీ, ఆకులు ఏపుగా పెరిగి దాన్ని కప్పేశాయి. ఒక్క కొమ్మ పక్కకు జరిపి చూస్తే సరిపోయేది. చూడలేదు!

"అత్తా, మీ అదృష్టం పండింది!" అన్నాను. "ఇది మోకాళ్ల మందు!"

"అవునా నాయనా? ఎవరు చెప్పినారు?"

"బోర్డు మీదే రాసుండాది. మీరు చదవలేదా?"

"నాకు మాట్లాడను వస్తాది గానీ చదవను రాదప్పా. నేను మదనపల్లిలో తెలుగు బడిలో చదివినా."

గిరిజ తలెత్తి బోర్డు వైపు చూసింది. నా వైపు చూసింది. మళ్లీ ఫోనులోకి తల దించుకుంది. నా విద్యకు ముచ్చటపడి సిగ్గుపడుతోందనుకున్నాను.

ఇంకేం, దూసేశాను. గుప్పెళ్లతో దూశాను. వేడి కావాలి కదా, స్టీలు గ్లాసు నిండా కాఫీ పోయించి, ఆకులు దానికి చుట్టి, అవి బాగా వెచ్చబడ్డాక నా కొత్త చేతిరుమాలుతో రత్నమ్మగారి మోకాలికి కట్టాను. ఆమె కళ్లు మూసుకుని "అబ్బ, హాయిగా ఉండాదప్పా" అన్నారు.

అక్కడితో ఆగినా బాగుండేది. సరిగ్గా అప్పుడే తిరుపతి వైపు నుంచి బస్సులో వచ్చిన యాత్రికుల గుంపు ఒకటి అటుగా వచ్చింది. అందరూ పెద్దవాళ్లే. ఒక ముసలమ్మ ఆగి, "ఏంది నాయనా ఆ ఆకు?" అంది.

నోరు మూసుకోవాలా వద్దా? మూసుకోలేదు. "కీళ్లనొప్పులకు మందు అవ్వా! ఇదుగో, బోర్డు పెట్టి మరీ రాసినారు!"

"ఒసే రంగమ్మా! రాండే! మోకాళ్ల మందంట! ఊరికే ఇస్తా ఉండారంట!"

తర్వాత జరిగింది నేను చెప్పలేను. ఆ గుంపులో మోకాళ్ల నొప్పి లేనివాళ్లు ఒక్కరూ లేరు. కొంగుల్లోకి, సంచుల్లోకి, టిఫిను డబ్బాల్లోకి ఆకులు పోతున్నాయి. "వేడి చేసి కట్టాల, పచ్చిది కట్టగూడదు!" అని నేను మధ్యలో నిలబడి వైద్యుడిలా అరుస్తున్నాను. చూస్తుండగానే పచ్చగా ఉన్న వరుస కాస్తా పుల్లలుగా మిగిలింది. ఆకులు పోయేసరికి వాటి వెనక దాగిన ఇంగ్లిషు వరుస మెల్లగా బయటపడింది.

"డు నాట్ ప్లక్."

ఒకసారి చదివాను. నమ్మలేక మళ్లీ చదివాను. వెనక నుంచి ఈల వినబడింది.

"ఏయ్! యారదు? బోర్డు ఓదక్కె బరల్వా?" అంటూ గార్డు పరుగెత్తుకొస్తున్నాడు. ఆ కేకకు యాత్రికులు మోకాళ్ల నొప్పులన్నీ మరిచిపోయి మాయమయ్యారు. అంత వేగంగా నడిచే మనుషులకు ఆకులెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మిగిలింది నేను, నా చేతిలో గుప్పెడు ఆకులు.

బోర్డు చదవడం రాదా అని అడుగుతున్నాడని అర్థమై, భయంలో నోటికొచ్చిన కన్నడం మాట్లాడాను. "బోర్డు నోడి మాడిదె సార్!"

అంటే, బోర్డు చూసే చేశాను సార్, అని. ఇంతకన్నా చెత్త జవాబు ఆ తోటలో ఎవడూ ఇచ్చి ఉండడు. గార్డు మొహం ఎర్రబడింది. కాలరు పట్టుకున్నాడు. అదే సమయానికి చెరువు చుట్టి నారాయణప్పగారు వచ్చారు. ఆయన వెనక వస్తున్న మా మామ, దూరం నుంచే సంగతి పసిగట్టి, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని ఇంకో గేటు వైపు పరుగు తీశాడు. మేనమామండీ! నాకు అన్నప్రాశన చేసిన మేనమామ!

నారాయణప్పగారు పుల్లల్ని చూశారు, భార్య మోకాలిని చూశారు, నన్ను చూశారు. "ఏందప్పా ఇది?"

"కీళ్లకు... వేడి..." అన్నాను.

ఆయనకు ఒక్క నిమిషం పట్టింది. ఆ తర్వాత తోటంతా వినబడేలా, "కీళబేడి అంటే పీకొద్దండి అనిరా!" అన్నారు. "బేడ అంటే వద్దు. బేడి అంటే మర్యాదగా వద్దండీ అని! నీకు కన్నడం వచ్చునని చెప్పినోడు యాడుండాడు? వాని కాళ్లు ఇరగ్గొడతా!"

ఇదీ సంగతి. ఈ మహానగరంలో నన్ను ఎవరూ అండీ అని పిలిచిన పాపాన పోలేదు. పిలిచింది ఆ బోర్డు ఒక్కటే. ఆ మర్యాద నాకు అర్థం కాలేదు.

గార్డు నన్ను ఆఫీసుకు ఈడ్చుకుపోతానన్నాడు. రత్నమ్మగారు అడ్డం పడి, "బిడప్పా, పాపం, హుడుగ, తెలీక చేసినాడు" అని, కుర్రాణ్ణి వదిలెయ్యమని బతిమాలారు. చివరికి గార్డు నన్ను ఆ బోర్డు పక్కన నిలబెట్టి, వచ్చేపోయే ప్రతి మనిషికీ దాన్ని గట్టిగా చదివి వినిపించమన్నాడు. చదివాను. "ఎలె, హూవు కీళబేడి!" పిల్లలు ఆగి మరీ విన్నారు. ఒకాయన వీడియో తీశాడు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఒకటే వాక్యం. సిగ్గు, ఆకలి, ఒళ్లుమంట. అన్నిటికన్నా మంట ఏమిటంటే, ఇక గిరిజ నాకు దక్కదు.

గొంతు పూర్తిగా పోయాక గిరిజే వచ్చింది, ఫ్లాస్కు మూతలో చల్లారిన కాఫీతో.

"మీకు కన్నడం చదవడం వచ్చా?" అని అడిగాను.

"మడివాళలో కన్నడం టీచర్ని. మీ మామ చెప్పలేదా?"

"మరి నేను ఆకులు దూస్తా ఉంటే చూస్తా కూచున్నారే!"

"ఈ సంబంధం వద్దనాలనే వచ్చినా నేను. హప్పు అన్న అన్నప్పుడే మీ సంగతి తెలిసిపాయె. మా నాయనకి నేను చెప్పే పని లేదు, మీ చేతులే చెప్తాయిలే అని ఊరకున్యా."

"అయితే మీ కోరిక తీరినట్టే గదా. ఇంకా ఎందుకు కోపంగా చూస్తారు?"

ఆమె పళ్లు కొరికింది. "మా అమ్మకి మోకాలు తేలిగ్గా ఉండాదంట! ఎవరి చెయ్యీ పట్టుకోకుండా బెంచీ మీది నుంచి లేచింది. కాఫీ వేడికి లేమ్మా అంటే వినదే! అల్లుడంటే ఈ పిల్లోడే అని కూచునింది. మా నాయన కూడా, ఒక్క వాక్యమన్నా తప్పులేకుండా పలకతా ఉండాడు, మిగతాది నువ్వే నేర్పియ్యి అంటాడు. అంతా మీ వల్లే!"

పెళ్లయింది. మా మామ పెళ్లికి వచ్చాడు, నారాయణప్పగారికి కనబడకుండా భోజనం చేసి వెళ్లాడు. కోపం వచ్చినప్పుడల్లా గిరిజ ఇప్పటికీ అంటుంది, "కన్నడం రాకపోతే పాయె. తెలుగులో బేడి అంటే సంకెల గదా! అది తలుచుకొనైనా చెయ్యి వెనక్కి తీసుకోవాల్సింది." ఏం చెప్పమంటారు? నిజమే. ఆ ఒక్క అర్థం నాకు తట్టలేదు.

అందుకే తూర్పు తిరిగి దండం పెట్టి ప్రమాణం చేశాను. ఈ జన్మలో తెలియని భాషలో బోర్డు చదవను. చదివినా అర్థం చెప్పను. చెప్పినా చేతులు జేబుల్లోంచి తీయను. ప్రమాణం ఇంతవరకూ తప్పలేదు. తప్పించాలని చూసేది ఒక్కరే. మొన్న కూడా రత్నమ్మగారు ఫోన్ చేశారు.

"నాయనా, ఎడమ మోకాలు మళ్లీ లాగతా ఉండాది. ఆ తోటకి పోయి ఆకు నాలుగు తెచ్చిపెడతావా?"

"అత్తా!" అన్నాను, గుండెల నిండా గాలి పీల్చుకుని. "ఎలె, హూవు కీళబేడి!"



"అబ్బబ్బ, కన్నడం ఎంత చక్కగా వచ్చేసిందప్పా నీకు!" అన్నారామె. "సరే, ఎప్పుడు తెస్తావు మరి?"