ముప్పై రెండు జీబీలో పట్టని చీనీ తోట

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టేంత వయసు నీకింకా రాలేదని మా అమ్మ అంటుంది. మనుషుల లెక్కన చూస్తే నిజమే. ఫోన్ల లెక్కన చూస్తే మాత్రం నేను ముసలిదాని కిందే లెక్క. ముప్పై రెండు జీబీల ఫోను చేతికి రాగానే లోకమంతా అందులో పట్టేస్తుందని నమ్మిన కాలం నాది. ఆరు నెలలు తిరక్కుండానే ఆ ఫోను 'ఇక ఖాళీ లేదు' అని రోజుకు నాలుగుసార్లు మొత్తుకునేది. నేను ఆ నాలుగుసార్లూ దాన్ని వేలితో పక్కకు తోసేసేదాన్ని. అట్లా తోసేసిన ఆ పిల్లను ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది కానీ, ఆ నవ్వు పూర్తిగా బయటికి రాదు. ఎందుకు రాదో చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. మాది ప్రొద్దుటూరు. తోటల చదువు చదివి, పులివెందుల దగ్గర ఒక పల్లెలో కొత్తగా ఉద్యోగంలో చేరాను. ఆ ఏడాది వానలు మొహం చాటేశాయి. బోర్లు వరసగా ఎండిపోయాయి, వాటి వెనకే చీనీ తోటలు (బత్తాయిని మా వైపు చీనీ అంటాం) నిలువునా ఎండిపోయాయి. ఎండిన తోటలకు పరిహారం ఇస్తారని, లెక్క రాయమని పై నుంచి మాట వచ్చింది. నా పని ఏమిటంటే, ప్రతి తోటకూ పోవడం, ఎండిన చెట్టు పక్కన రైతును నిలబెట్టి ఫోనులో ఫోటో తీయడం, ఆఫీసు వాళ్లిచ్చిన యాప్‌లో ఎక్కించడం. తోటల్లో మెసేజీ వచ్చేంత సిగ్నలు అప్పుడప్పుడూ తగిలినా, యాప్‌లో ఎక్కించేంత ఉండదు కాబట్టి ఫోటోలు ఫోనులోనే దాక్కుని ఉంటాయి, పులివెందుల చేరాక ఒక్కసారిగా పైకి పోతాయి. పులివెందుల ఆఫీసులో మా పై అధికారిని మేమంతా అప్‌డేట్ సారు అనేవాళ్లం (గంటకోసారి 'అప్‌డేట్?' అని ఒకే ఒక్క మాట మెసేజ్ పెట్టేవాడు, భోజనాల వేళ కూడా).

ఇక నా ఫోను నిండా ఏముండేదో చెప్పాలి. చీరలుండేవి. మా అక్కకు జమ్మలమడుగు సంబంధం కుదిరింది. మా అమ్మ, ముగ్గురు పిన్నమ్మలు, ఒక మేనత్త కలిసి ప్రొద్దుటూరు బట్టలంగళ్లన్నీ చుట్టేస్తూ, చూసిన ప్రతి చీరనూ ఫోటో తీసి నాకు పంపేవాళ్లు. ఒక్కో చీరకు కొంగు ఒక ఫోటో, అంచు ఒక ఫోటో, లైటు కింద ఒకటి, వాకిట్లో ఎండలో ఒకటి. ఒక్కటి తీసేద్దామన్నా భయమే. ఏది తీసేస్తానో సరిగ్గా దాన్నే మా అమ్మ మర్నాడు అడుగుతుంది. ఒకసారి అట్లాగే ఒక నెమలికంఠం రంగు చీర ఫోటో తీసేసినందుకు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అందువల్ల దాదాపు రెండు వేల చీరలు నాతో పాటు పులివెందుల చేలగట్ల మీద తిరుగుతుండేవి.

ఆ పల్లెలో బోర్ల మామ అని ఒకాయన ఉండేవాడు. తోట బతికించుకోవడానికి పదకొండు బోర్లు వేసినాడని ఊరంతా ఆయనకు ఆ పేరు పెట్టింది. నేను ఫోటోకు వస్తానని తెలిసి ఆ రోజు తెల్ల చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని, ఎండిన చెట్ల మధ్య పెళ్లికొడుకులాగా నిలబడ్డాడు. "నవ్వొచ్చునా పాపా, నవ్వగూడదా?" అని అడిగాడు. ఎండిన తోటలో నవ్వితే పరిహారం ఇవ్వరేమోనని ఆయన అనుమానం. నవ్వకండి మామా, మామూలుగా ఉండండి అన్నాను. ఫోటో అయిపోయాక ఆయన చెట్టు మీద చెయ్యి వేసి, "కట్టెల లారీ వచ్చిండాది. మళ్లీ ఎప్పుడొస్తాదో ఏమో. ఇంగ కొట్టేయొచ్చునా? రోజూ పొద్దున్నే లేసి వీటి మొగాలు చూడాలంటే నాతో కాకుండా ఉండాది" అన్నాడు. నేను ఫోను ఎత్తి చూపించి, "కొట్టేయండి మామా. మీ తోట ఈడ భద్రంగా ఉంది" అన్నాను. ఆ మాట ఎంత ధీమాగా అన్నానో నాకింకా గుర్తుంది.

మూడో రోజుకు ఫోను బిగుసుకుపోయింది. ఫోటో తీస్తే తీయదు, యాప్ తెరిస్తే తెరుచుకోదు. ఇంకా రెండు తోటలు మిగిలాయి, అవతల అప్‌డేట్ సారు అప్‌డేట్ అంటున్నాడు. మా ఇంట్లో అందరి ఫోన్లకూ డాక్టరును నేనే. మా పెదనాన్న ఫోనులో గులాబీ పూల గుడ్ మార్నింగులు తుడిచి ప్రాణం పోసింది నేనే. ఆ పేరు తలకెక్కి ఉంది. చేను గట్టు మీద కూర్చుని సెట్టింగుల్లోకి పోయి, ఎవరు ఎంత చోటు తింటున్నారో చూశాను. మొదట చీరలు, తర్వాత పాటలు, ఆ తర్వాత ఆఫీసు యాప్. చీరల జోలికి పోలేను. పాటలు లేకుండా బస్సులో కూర్చోలేను. ఆఫీసు యాప్ ఇంత చోటు ఎందుకు తింటుందని దాని మీద కోపమొచ్చి, లోపలి చెత్తంతా ఊడ్చేద్దామని 'క్లియర్ డేటా' నొక్కాను. నిజంగానే తీసేయాలా అని ఫోను అడిగింది. అడిగిందే కానీ నేను చదవలేదు. క్షణంలో ఫోను తేలికైపోయింది. అబ్బా, ఎంత హాయిగా అనిపించిందో! చీరలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. మూడు రోజుల తోటలు మాత్రం ఒక్కటీ లేదు.

గట్టు మీద కూర్చుని ఏడ్చాను (అట్లా ఏడుస్తుంటే ఇంకో చీర ఫోటో వచ్చింది, 'ఇది ఎట్లుంది?' అని). ఏడ్చి లాభం లేదు కాబట్టి మర్నాడు పొద్దున్నే లేచి తోటలన్నీ మళ్లీ తిరిగాను. రైతులు విసుక్కున్నారు, తిట్టుకున్నారు, అయినా పాపం మళ్లీ వచ్చి నిలబడ్డారు. రెండు రోజుల్లో అన్నీ అయ్యాయి. బోర్ల మామ తోట ఒక్కటే మిగిలింది, అక్కడికి పోయే ధైర్యం చాలక ఆఖరికి పెట్టుకున్నాను. దారి పొడుగునా ఆ లారీ ఇంకా మామ తోటకు వచ్చి ఉండకూడదని దేవుళ్లందరికీ మొక్కుతూ పోయాను. అక్కడ చూస్తే వరసగా మొద్దులు. లావు కట్టెలు లారీలో పోయాయి, సన్న కొమ్మలు మాత్రం గట్టు పక్కన కుప్పగా పడున్నాయి.

జరిగింది జరిగినట్టు చెప్పేశాను, చీరల సంగతితో సహా. మామ మొద్దు మీద కూర్చున్నాడు. ఆయన భార్య, అత్త మాత్రం ఊరుకోలేదు. "ఏం పాపా, నీ చీరలకు జాగా ఉండె, మా తోటకు లేకపాయెనా? పద్నాలుగేండ్లు పెంచినాం. నువ్వు కొట్టేయమంటేనే కదా కొట్టింది?" అంది. మొద్దుల ఫోటో పెడితే ఒప్పుకోరని నాకు తెలుసు. ఎప్పుడు కొట్టారో, ఎందుకు కొట్టారో ఎవరికి తెలుసంటారు. చెట్టు నిలబడి కనపడాలి. ఎక్కించడానికి ఆఖరి రోజు మర్నాడే.

ఆ తర్వాత జరిగిందానికి ఆలోచన ఎవరిదో నాకు సరిగ్గా గుర్తులేదు. నాదే అయ్యుంటుంది, ఆ వయసులో నాకు ఆలోచనలు అట్లాంటివే వచ్చేవి. కుప్పలోని కొమ్మల్లో పొడుగు చూసి నాలుగు తెచ్చాం. మొద్దుల పక్కన గుంతలు తీసి పాతిపెట్టి, రాళ్లు ఎగేసి, తాడుతో కట్టాం. మూడు నిలబడ్డాయి. నాలుగోది గాలికి వాలిపోతూనే ఉంది. దూరంగా నిలబడి మమ్మల్ని చూస్తున్న అత్త చివరికి విసుక్కుంటూ వచ్చి, "తియ్యండి తొందరగా" అని ఆ కొమ్మను వెనక నుంచి పట్టుకుని చీర కొంగు దగ్గరికి లాక్కుని నక్కింది. మామ మళ్లీ ఆ తెల్ల చొక్కా తొడుక్కుని వచ్చి ముందు నిలబడ్డాడు. ఈసారి నవ్వాలా వద్దా అని అడగలేదు. దొంగపని చేస్తున్నామని ముగ్గురికీ తెలుసు. తోట ఎండింది నిజం, చెట్లుండింది నిజం, ఫోటో ఒక్కటే అబద్ధం అని నాకు నేను చెప్పుకున్నాను.

మర్నాడు పులివెందుల ఆఫీసులో అప్‌డేట్ సారు కంప్యూటరులో ఫోటోలు ఒక్కొక్కటీ చూస్తూ ఒప్పుకుంటూ పోతున్నాడు. మామ తన పేరు వచ్చేదాకా ఉంటానని నా వెనకే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. మామ ఫోటో దగ్గర సారు ఆగాడు. కళ్లద్దాలు సర్దుకుని ఫోటోను పెద్దది చేశాడు, ఇంకా పెద్దది చేశాడు. కొమ్మ కింద మెట్టెలతో సహా రెండు కాళ్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి. "ఏందమ్మా ఇది? ఈ చెట్టుకు కాళ్లుండాయి?" అన్నాడు. తలుపు దగ్గర నుంచి మామ నిదానంగా అన్నాడు. "ఆడ నీళ్లు ల్యా సార్. యాడన్నా దొరుకుతాయేమోనని ఎతుక్కుంటా పోతాండాది."

సారు గట్టిగా నవ్వాడు. పక్క బల్లల వాళ్లూ నవ్వారు. తర్వాత ఒకరొకరే ఆపేశారు, ఎందుకంటే మామ నవ్వడం లేదు. అప్పుడు నేను ముందుకొచ్చి తప్పు నాదేనని, మొదటి ఫోటో నేనే పోగొట్టానని చెప్పాను. సారు చెడ్డవాడేం కాదు. "నాకు తెల్చమ్మా. తెలిసి ఏం చేసేది? ఈ ఫోటో నేను పంపితే రేప్పొద్దున ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి" అన్నాడు. అయినా మామ తోట గురించి పైకి ఒక ఉత్తరం రాశాడు. నాకు ఒక మెమో ఇచ్చాడు. మెమోకు నేను బాధపడలేదు, ఇంకా రెండు ఇచ్చినా తీసుకునేదాన్ని. నెల తిరిగాక పరిహారం జాబితా గోడకు అంటించారు. మామ పై నుంచి కిందికి చదివాడు, మళ్లీ కింద నుంచి పైకి చదివాడు. "పోనీలే పాపా" అని నాకే ధైర్యం చెప్పి వెళ్లిపోయాడు. ఆయన నన్ను నాలుగు తిట్టి ఉంటే ఆ రాత్రయినా నిద్రపట్టేది.

ఆరు నెలల తర్వాత పులివెందుల బస్టాండులో ఇద్దరూ కనిపించారు. పక్కన రెండు సంచులు, ఒక గోనెమూట. జమ్మలమడుగు అవతల ఏదో సిమెంటు ఫ్యాక్టరీలో గేటు కాపలా పని దొరికిందని, మకాం కూడా అక్కడికేనని మామ చెప్పాడు. తప్పించుకుని పోదామనుకున్న నన్ను పిలిచి మరీ చెప్పాడు. అత్త నా వైపు చూడలేదు కానీ, నేను కూర్చోవడానికి చోటుండేలా సంచి పక్కకు జరిపింది. మామ అడిగాడు. "ఆ పొద్దు తీసినావే కాళ్ల చెట్టు ఫోటో, అది నీ కాడ ఉండాదా? మా తోటది ఇంగ ఏ ఫోటో ల్యా."

ఉంది. పంపాను. ఆయన ఫోనులోకి పోలేదు. నిండిపోయిందంట. మామ ఏమాత్రం సంకోచం లేకుండా ఆ ఫోను నా చేతిలో పెట్టి, "నువ్వే ఏదన్నా తీసేయ్ పాపా, నీకు తెల్చు కదా" అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని మొహంలోకి చూశాను. లేదు. ఒక్కొక్కటీ చూపిస్తూ, ఇది తీయనా మామా, ఇది తీయనా మామా అని అడుగుతూ పోయాను. బోరు వేసేటప్పుడు తీసిన వీడియోలు వరసగా ఉన్నాయి, అన్నింటిలోనూ దుమ్మే లేస్తోంది. "అది ఏడోది, ఉండనీ. అది తొమ్మిదోది, దాంట్లో రోంత తడి తగిలె, ఉండనీ" అన్నాడు. మనవరాలి ఫోటోలు ఉండనీ. ఎద్దుల ఫోటో ఉండనీ. జమ్మలమడుగు బస్సు వచ్చి నిలబడింది. అత్త సంచులు అందుకుంది. మామ లేస్తూ, తెర మీద మబ్బు బొమ్మ ఉన్నచోట వేలు పెట్టాడు.

"ఇది తీసేయ్. వాన ఎప్పుడొస్తాదో చెప్పేది. పొద్దున లేస్తానే దీన్నే చూస్తాంటి. గేటు కాడ కూర్చునేటోనికి వానతో ఏం పని?"

నిజంగానే తీసేయాలా అని ఫోను అడిగింది. ఈసారి చదివాను. నేనూ అడిగాను, రెండుసార్లు. తీసేయమన్నాడు. తీసేశాను. తోట ఫోటో వచ్చి ఆ చోట్లో కూర్చుంది, బస్సు కదిలింది.

ఇప్పుడు నా దగ్గరున్న ఫోనులో బోలెడంత ఖాళీ. ఎవరైనా ఫోను నిండిందని తెస్తే, ఒక్కో బొమ్మకూ రెండుసార్లు అడిగి ప్రాణం తీస్తానని మా ఆఫీసులో అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను, గట్టు మీద కూర్చుని ఫోను తేలికైందని మురిసిపోయిన ఆ పిల్లను తల్చుకుని. మబ్బు పట్టిన రోజున మాత్రం నవ్వు సగంలో ఆగిపోతుంది. జమ్మలమడుగు అవతల ఒక గేటు దగ్గర ఆ మనిషి అలవాటు కొద్దీ ఫోను తీసి, ఆ మబ్బు బొమ్మ ఉండిన చోట వేలు పెట్టి, అది లేదని గుర్తొచ్చి, తలెత్తి ఆకాశం వైపు చూస్తూ ఉంటాడేమో అనిపిస్తుంది.