ఏ ఇశ్రాయేలు?

బరువైన గిన్నె దించేటప్పుడల్లా ఎలీశమ్మ "ఇశ్రాయేలు దేవా" అని గొణుక్కుంటుంది. రాజోలు నుంచి వచ్చి కువైట్‌లో పదకొండేళ్లుగా ఒకే ఇంట్లో పనిచేస్తోంది. మోకాళ్లు పట్టేసినా గిన్నె ఇంకొకరికి ఇవ్వదు. బుధవారం చెయ్యి కాలి, ఆ మాట గట్టిగా అనేసింది. పక్కన టమాటాలు తరుగుతున్న గాజా వంటమనిషి ఉమ్ నబీల్ కత్తి ఆపింది. ఎలీశమ్మకు జ్వరమొస్తే పక్కన కూర్చుని సూపు తాగించిన మనిషి ఆమె. కిందటి నెల బాంబు పడి ఆమె అన్నకొడుకు చనిపోయాడు. "నువ్వూ వాళ్ల కోసమే మొక్కుతావా?" అని అరబ్బీలో అడిగింది. ఎలీశమ్మ కాలిన చెయ్యి కుళాయి కింద పెట్టింది. శుక్రవారం ప్రార్థనలో పాస్టరుగారిని అడిగి చెబుదామనుకుంది.

ఖైతాన్ పేటలో తెలుగువాళ్లు కూడే గదిలో ప్రార్థన అయ్యాక, "అయ్యగారండీ, మన ప్రార్థనలో ఇశ్రాయేలూ, టీవీలో ఇశ్రాయేలూ ఒకటేనాండీ?" అంది. "దేవుడు ఏర్పరచుకున్న జనం అమ్మా, వాళ్లని దీవించాలి" అన్నాడు పాస్టరు. "అదెలాగండీ? క్రీస్తు వచ్చాక ఇశ్రాయేలంటే సంఘమే కదండీ, అంటే మనమే!" అన్నాడు డ్రైవరు ఏసుపాదం. "నువ్వెప్పుడు యూదుడివైపోయావురా, అమలాపురంలోనా?" అని ఎవరో అంటే అందరూ నవ్వారు. బిర్యానీ చల్లారేదాకా వాదించుకున్నారు. "మరి ఆవిడికేం చెప్పనండీ?" అని ఎలీశమ్మ రెండుసార్లు అడిగినా ఎవరూ వినిపించుకోలేదు.

శనివారానికి ఉమ్ నబీల్, ఇంటి యజమానురాలు మామాను బతిమాలుకుని, ఆ యజమానురాలి కూతురింట్లో పనికి మారిపోయింది. చనిపోయిన ఆ కుర్రాడి పేరేమిటో కూడా ఎలీశమ్మ ఎన్నడూ అడగలేదు. కొత్త వంటమనిషి సోమవారం వస్తుంది.