వంకర గోడదా, లెన్సుదా?

నగర నిర్మాణ శాఖ తనిఖీ విభాగంలో ఫొటోలు తీసే ఆవిడని ఎదురుగా ఉంటే మేడం అనేవాళ్ళు, వీపు తిరగ్గానే చిటపటమ్మ అనేవాళ్ళు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. "పిలవనీ. పిలిస్తే పలకక్కర్లేని పేరు అదొక్కటే నాకు," అనేది.

కొత్తగా కట్టిన ప్రభుత్వ భవనాన్ని శాఖ స్వాధీనం చేసుకునే ముందు దాని గోడలూ కప్పులూ మెట్లూ తూములూ ఫొటోలు తీయడం ఆవిడ పని. పందొమ్మిదేళ్ళుగా అదే పని. సిమెంటు దుమ్ములో, పరంజాల కింద, ఇంకా అద్దాలు బిగించని కిటికీల్లోంచి కొట్టే గాలిలో నిలబడి తీసేది. మెడలో ఒకటే కెమెరా, దానికి ఒకటే లెన్సు. పద్దెనిమిది నుంచి రెండొందల మిల్లీమీటర్ల దాకా సాగే జూమ్. తిప్పితే గది మొత్తం ఒక ఫొటోలో పడుతుంది, ఇంకా తిప్పితే మూడో అంతస్తు చూరు కింద ఉన్న వెంట్రుకంత పగులు కూడా దగ్గరికొస్తుంది.

ఆవిడకి ఫొటోగ్రఫీ నేర్పింది అన్నయ్య. ఆయనకి బజారు మలుపులో స్టూడియో ఉంది. ఒక్కో పనికి ఒక్కో లెన్సు వాడే మనిషి. జూమ్ అంటేనే ఆయనకి పడదు. శాఖవాళ్ళు ఈ లెన్సు ఇచ్చిన రోజు ఆవిడ సంబరంగా తీసుకెళ్ళి చూపిస్తే, కళ్ళద్దాలు పైకి నెట్టి ఓసారి అటూ ఇటూ తిప్పి టేబులు మీద పెట్టేశాడు.

"అన్ని పనులూ నేనే చేస్తానన్నవాడు ఒక్కటీ సరిగా చెయ్యడమ్మా. ఇదీ అంతే."

"అన్నయ్యా, నీ స్టూడియోలో మనిషి కుర్చీలో బుద్ధిగా కూచుంటాడు. నా గోడకి 'కాస్త గడ్డం దించండి' అని చెప్పలేను. దుమ్ములో నిలబడి లెన్సు ఊడదీశానంటే కెమెరా పొట్టలోకి సగం సిమెంటు బస్తా పోతుంది."

"నీ ఇష్టం. నేను మాత్రం దీంతో పెళ్ళిఫొటో తియ్యను."

"నేను మాత్రం పెళ్ళిళ్ళు తియ్యనుగా!"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఇలాంటి కీచులాట వాళ్ళకి చిన్నప్పటినుంచీ ఉన్నదే.

అన్నయ్య చెప్పినదాంట్లో నిజం లేకపోలేదు. ఆ లెన్సు లోపాలు ఆవిడకి తన పంటి నొప్పిలా తెలుసు. బాగా వెడల్పుగా పెడితే అంచుల్లోని నిటారు గీతలు పీపాలా బయటికి ఉబ్బుతాయి. బాగా దగ్గరికి లాగితే బొమ్మ నానిన కాగితంలా మెత్తబడుతుంది. చీకటి గదిలో దానికి చూపు ఆనదు. మెడలో వేలాడుతుంటే గొట్టం దానంతటదే జారి పొట్టకి కొట్టుకుంటుంది. అందుకే గోడ ఫొటో తీసే ప్రతిసారీ ఒక జాగ్రత్త పడేది. తాపీమేస్త్రీలు గోడ నిటారు చూడటానికి వాడే ఇనపగుండుని దారానికి కట్టి గోడ పక్కనే వేలాడదీసి, రెండూ ఒకే ఫొటోలో పడేలా తీసేది. లెన్సు వంచితే రెంటినీ వంచుతుంది. దారం కన్నా గోడ ఎక్కువ వంగి కనిపించిందంటే ఆ వంకర గోడదే.

కొత్త గ్రంథాలయం పెరటిగోడ అలా కనిపించింది. చదువుకునే హాలుకి ఆనుకుని ఉన్న గోడ. నడుం దగ్గర కడుపొచ్చినట్టు ఉబ్బింది. దాని కిందే ముసలివాళ్ళు కూచుని పేపరు చదువుకోవడానికని సిమెంటు బల్లలు వేశారు. ఆవిడ పద్నాలుగు ఫొటోలు తీసి నివేదికకి ఇచ్చింది. శాఖ గోడ పడగొట్టి మళ్ళీ కట్టమంది. కట్టిన కాంట్రాక్టరు, గోడ బాగానే ఉంది, ఫొటోలే బాగాలేవు అని పై అధికారులకి రాసుకున్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, గోడ కట్టలేక లెన్సు వంకరన్నాడు. విచారణ వేశారు.

ఆ రోజు పొద్దున విచారణ గదిలో అడుగుపెట్టగానే ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. అవతలి వకీలు పక్కన, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఒళ్ళో ఫైలు పెట్టుకుని అన్నయ్య కూచుని ఉన్నాడు.

"లెన్సుల విషయంలో నిపుణులు," అని వకీలు పరిచయం చేశాడు.

అన్నయ్య చెల్లెలి వైపు చూడలేదు.

వకీలు నివేదికలోని ఫొటోని తలుపంత పెద్దది చేయించి తెచ్చాడు. "ఈ ఫొటో ఎలాంటి లెన్సుతో తీశారండీ?"

"అన్నింటికీ పనికొచ్చే జూమ్‌తో," అన్నాడు అన్నయ్య. "పద్దెనిమిది దగ్గర పెట్టి తీశారు. అక్కడ ఈ లెన్సు అంచుల్ని ఉబ్బిస్తుంది. గోడ అంచులోనే ఉంది."

"అయితే దీన్ని చూసి గోడ వంకర అని చెప్పగలమా?"

"చెప్పలేం."

విచారణ సంఘం అధ్యక్షురాలు, తల నెరిసిన పెద్దావిడ, చిటపటమ్మ వైపు తిరిగింది. "మీరేమంటారు?"

చిటపటమ్మ లేచింది.

"ఆయన చెప్పింది అక్షరాలా నిజమండీ. కానీ ఆ ఫొటో నేను తీసింది కాదు."

గదిలో గుసగుసలు బయల్దేరాయి.

"నేను తీసిన దాంట్లో సగమే అది. ఎడంపక్క గుండు దారం ఉండాలి. కత్తిరించేశారు." సంచిలోంచి అసలు ఫొటో తీసి నేరుగా అన్నయ్య ముందు పెట్టింది. "నిపుణులు గారూ, కాస్త చూసి చెప్పండి. దారం గోడ పక్కనే ఉంది. లెన్సు వంచితే రెంటినీ వంచాలా, గోడనొక్కదాన్నే పట్టుకుని వంచుతుందా?"

పుట్టి బుద్ధెరిగాక ఆవిడ అన్నయ్యని 'గారూ' అనడం అదే మొదలు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కళ్ళద్దాలు పైకి నెట్టి ఫొటో మీదికి వంగాడు. జేబులోంచి స్టీలు స్కేలు తీశాడు. ఒకసారి కొలిచాడు, మళ్ళీ కొలిచాడు. వకీలు దగ్గాడు.

"రెంటినీ వంచాలి," అన్నాడు అన్నయ్య ఆఖరికి. "దారం వెంట్రుకవాసి వంగింది. గోడ ఫొటోలోనే ఆరు మిల్లీమీటర్లు."

"అంటే?" అంది అధ్యక్షురాలు.

"అంటే... గోడ వంకరేనండీ."

ఫొటోలో దారాన్ని కత్తిరించింది ఎవరంటే, నివేదిక తయారుచేసి ఇప్పుడు శాఖ తరఫున ఆవిడ పక్కనే కూచున్న పెద్ద ఇంజనీరు. "పేజీలో పట్టలేదండీ," అన్నాడాయన నేల చూపులు చూస్తూ. "దారమే కదా, చూడ్డానికి కూడా బాగోదని..."

"ఇరవై ఏళ్ళు గోడలు కట్టించిన మీకు గుండు దారం ఎందుకో తెలీదాండీ?" అని ఆవిడ ఒంటికాలి మీద లేచింది. అధ్యక్షురాలు టేబులు మీద తట్టకపోతే ఇంకా ఎంతసేపు ఉతికేదో.

అక్కడితో అయిపోలేదు. హాలు లోపలి గోడలో పగులుందని తీసిన ఫొటో మసగ్గా ఉందని వకీలు పట్టుకున్నాడు. ఆవిడ దాన్ని చూసింది. నిజంగానే మసక.

"అది నా తప్పు. లోపల వెలుతురు లేదు. ఈ లెన్సుకి అంత చీకట్లో చూపు ఆనదు. స్టాండు తీసుకెళ్ళాల్సింది, మెట్లెక్కి మొయ్యలేక కిందే వదిలేశాను." ఆ ఒక్క పగులు విషయంలో కాంట్రాక్టరు బయటపడ్డాడు. పెరటిగోడ మాత్రం పడగొట్టి కట్టాలన్నారు.

బయట వరండాలో అన్నయ్య ఎదురొచ్చాడు.

"అడిగినదానికే జవాబు చెప్పానే. నాకు వాళ్ళు సగం ఫొటోయే చూపించారు."

"ఎవరు తీశారో అడగలేదా?"

ఆయన ఫైలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"కడుపుబ్బిన గోడ కింద రోజూ ముసలాళ్ళు కూచుంటారు, ఆ సంగతి అడిగావా? ఇంకెప్పుడూ నాతో మాట్లాడకు," అని ఆవిడ చెప్పులు టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయింది.

నెల తిరక్కుండానే శాఖ నుంచి ఉత్తర్వు వచ్చింది. ఇలాంటి వివాదాలు మళ్ళీ రాకుండా ఉండేందుకు, తనిఖీ ఫొటోలకి అన్నింటికీ పనికొచ్చే జూమ్ లెన్సు వాడరాదు. దాని బదులు మూడు వేరువేరు లెన్సులు ఇవ్వబడును. అత్త మీది కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. ఫొటో కత్తిరించిన మనిషి కుర్చీలోనే ఉన్నాడు, లెన్సు వెళ్ళి బీరువాలో కూచుంది.

ఆవిడ మూడు లెన్సులూ భుజాన వేసుకుని రెండు నెలలు తిరిగింది. వాటితో తీస్తే గీతలు కడ్డీల్లా నిటారుగా వచ్చాయి, చీకటి గదులు కూడా స్పష్టంగా వచ్చాయి. ఆ మాట ఒప్పుకుంది. కానీ నీళ్ళ ట్యాంకు ఫొటోలు తీసేటప్పుడు పరంజా మీద ఒక చేత్తో కమ్మీ పట్టుకుని రెండో చేత్తో లెన్సు మారుస్తుంటే మూత జారి ముప్ఫై అడుగుల కింద పడింది. కెమెరాలో దుమ్ము పడి ప్రతి ఫొటోలోనూ ఒకే చోట నల్లమచ్చ వచ్చింది. ఆ మచ్చ ట్యాంకుకి పడ్డ చిల్లు అని, నివేదికల మీద సంతకం పెట్టే అధికారి ఒకడు రాశాడు. ఆ కాగితం చూసిన రోజు ఆవిడ మధ్యాహ్నం భోజనం మాని రెండు పేజీల విజ్ఞాపన రాసింది. ఏ పనికి ఏది, ఎందుకు, అన్నీ. ఆరుబయట, ఎత్తుల్లో, దుమ్ములో జూమ్. లోపల చీకట్లో వేరే లెన్సు, స్టాండు. గోడ గోడకీ దారం. ఒక్క ఫొటో కూడా ఎవరూ కత్తిరించకూడదు. చివరి వాక్యం కింద రెండు గీతలు గీసింది. పెన్ను కాగితాన్ని చీల్చింది.

ఆ ఆదివారం వదిన వచ్చింది. మాటల మధ్య టేబులు మీదున్న ఆ కాగితాలు తిరగేసింది. "మీ అన్నయ్యకి చూపించనా?" అంది.

"చూపించి ఏం లాభం? మళ్ళీ అటువైపు సాక్ష్యం చెప్తాడా?"

"ఆ స్టూడియోకి పదేళ్ళుగా ఎవరొస్తున్నారు చెప్పు? అందరి జేబుల్లోనూ ఫోన్లే. ఆ వకీలు ఉత్తరం మీద 'నిపుణులు' అని రాస్తే, దాన్ని ముగ్గురికి చదివి వినిపించాడు మీ అన్నయ్య. అంత ఆశ పడ్డాడే పిచ్చిమనిషి."

వదిన కాగితాలు సంచిలో పెట్టుకుంటే చిటపటమ్మ వద్దనలేదు.

మూడోనాడు తిరిగొచ్చాయి. క్షమాపణ లాంటి మాట ఎక్కడా లేదు. 'గీతలు ముప్ఫై అయిదు దగ్గర నిటారవుతాయి' అని తను రాసిన చోట ఎర్రసిరాతో ముప్ఫై అయిదు కొట్టేసి ఇరవై నాలుగు అని ఉంది. అంచులో చిన్న అక్షరాల్లో, 'ముప్ఫై అయిదుకి గీతల్ని లోపలికి నొక్కేస్తుంది, చూసుకో.' అడుగున ఆయన సంతకం, స్టూడియో ముద్ర.

ఆవిడకి మళ్ళీ మండింది. బీరువా తాళం అడిగి లెన్సు తీసుకుని, ఆఫీసు వరండాలో పలకలు అతికించిన గోడ ముందు నిలబడింది. ముప్ఫై అయిదు దగ్గర ఒకటి, ఇరవై నాలుగు దగ్గర ఒకటి తీసింది. ఆయన తప్పని తేలాలని మనసారా కోరుకుంది. తేలలేదు. అంకె దిద్ది విజ్ఞాపన పంపింది.

ఉత్తర్వు రద్దవడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. ఈలోపు ఒక భోజన విరామంలో ఆవిడ స్టూడియో మెట్లెక్కింది. అన్నయ్య ఒంటరిగా కూచుని ఫొటో లైటుకి తగిలించే గొడుగు పుల్లలు సరిచేస్తున్నాడు.

"సాక్ష్యానికి వెళ్ళే ముందు ఒక్క ఫోను చేస్తే నీ సొమ్మేం పోయేది?" అంది గుమ్మంలోంచే.

"చేస్తే వద్దంటావని చెయ్యలేదు."

"అనేదాన్నే!"

"అందుకే."

ఆవిడకి అరవాలనిపించింది, అరిచింది కూడా. పక్క కొట్టువాళ్ళు తొంగిచూసేదాకా అరిచింది. ఆయన ఒక్క మాటకీ అడ్డు చెప్పలేదు. చివరికి ఆయాసమొచ్చి, గిరాకీల కోసం వేసిన కుర్చీలో కూలబడింది. ఆయన మంచినీళ్ళ గ్లాసు తెచ్చి చేతికిచ్చాడు. తాగింది. గ్లాసు పక్కన పెట్టి, "ఆ పుల్ల తప్పు కన్నంలో పెట్టావు," అంది ఇంకా కోపంగానే.