బొంతల సంఘానికి పదో మనిషి

కొంచెం ఇటు జరిగి కూర్చోండి. ఆ గుమ్మం దగ్గర గాలి ఎక్కువ, నా గొంతేమో చిన్నది. కాళ్ల మీదికి ఈ బొంత లాక్కోండి. ఒక అంచున నెమలికంఠం రంగు చీరముక్క ఒకటి వేలాడుతూ మీ చేతికి తగులుతుంది. దాన్ని పీకకండి. దాని సంగతే చెప్పబోతున్నాను.

నేను పుట్టింది కుసుమంచి వైపు. మా అమ్మగారింట్లో ఎండాకాలం వస్తే వాకిట్లో పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, బజారు ఆడవాళ్లంతా చుట్టూ కూర్చుని బొంత కుట్టేవాళ్లు. ఒకరిది అయ్యాక ఇంకొకరిది. సూది ఎంత నడిచేదో నోరూ అంతే నడిచేది. పెళ్లయి జూలూరుపాడు దాటి ఈ అడవి అంచు ఊరికి వస్తే, ఇక్కడ కూడా బొంతలు కుడుతున్నారు గానీ, ఎవరింట్లో వాళ్లు, తలుపు దగ్గరికేసుకుని కుడుతున్నారు. పదహారేళ్లు నేనూ అలాగే కుట్టాను. ఎదురుగా గోడ. గోడకు ఎన్ని కబుర్లు చెప్పినా అవ్ అనదు కదా.

తలుపెందుకు వేసుకోవాలంటే మా అత్తమ్మ చెప్పేది.

"బొంతంటే ఇంటి లోపలి గుట్టు. ఎవరి చీర ఎన్ని చిరుగులు పోయిందో, ఎవరి మొగడు ఎన్నేండ్లు ఒకటే పంచె కట్టిండో మొత్తం అండ్లనే ఉంటది. అది వాకిట్ల పరిచి ఊరందరికీ చూపిస్తవా?"

మా అత్తమ్మ మామూలు మనిషి కాదు. బొంత కుట్టడంలో ఆమెను మించినవాళ్లు మా ఊళ్లో లేరు, ఆ మాట ఆమే చెప్పుకునేది. ఆమె వరుస వేస్తే నాగలి చాలు తీసినట్టు ఉండేది. "నేనేసిన కుట్టు నేను పోయినా ఊడదు" అని రోజుకు ఒకసారైనా అనకుండా అన్నం తినేది కాదు.

సెల్‌ఫోన్లు మా ఊళ్లోకి ఒకటీ అరా వస్తున్న రోజులవి. బడి పక్కన రాత్రిబడి కోసం కట్టిన గది ఒకటి ఉండేది. రాత్రిబడి ఎప్పుడో ఆగిపోయింది, తాళం తుప్పు పట్టింది. గచ్చు నేల, రెండు కిటికీలు, వాన పడినా కురవని కప్పు. ఆ గదిని దాటినప్పుడల్లా నా కళ్లకు అందులో పరిచిన బొంత, చుట్టూ ఆడవాళ్లు కనపడేవాళ్లు. చివరికి ఒకరోజు ధైర్యం చేసి సర్పంచమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమెది వాగవతల గూడెం. ఆ యేడే కొత్తగా గెలిచింది. నాకంటే చిన్నది గానీ తూకం గల మనిషి.

"గది ఎందుకక్కా?" అంది.

"అందరం కలిసి కూసొని బొంతలు కుట్టేతందుకు. సంఘం లెక్క."

ఆమె వేళ్ల మీద ఏదో లెక్క వేసింది. "ఎరువుల దుకాణమాయన బస్తాలు ఏసుకుంటనని ఇప్పటికి రెండుసార్లు తిరిగిండు. నీకిస్తే ఆయనకు నేనేం చెప్పాలె? పదిమంది ఉన్నరని చెప్పాలె. వచ్చే బేస్తారం తలుపు తీయిస్త. పొద్దు గూకే లోపల నేనొచ్చి చూస్త. పదిమంది కూసొని కుడుతుండాలె. తొమ్మిదిమంది ఉన్నా బస్తాలే అక్కా, ఏమనుకోకు."

అలా ఎనిమిది రోజుల్లో పదిమందిని పట్టే పని నా నెత్తిన పడింది.

మొదట పక్కింటి వదిన దగ్గరికి పోయాను. సంఘం అనగానే చాటలో బియ్యం పక్కన పెట్టి, చేతులు తుడుచుకుంది.

"లోను ఎంతిస్తరు?"

"లోను లేదు వదినా. బొంతలు కుడతం."

"లోను లేనిది సంఘమెట్లయితది?" అని నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది, జ్వరం ఉందేమో అని. "సరే, నా తోడికోడలు వస్తుందా?"

"ఇంకా అడగలే."

"అది వస్తే నేను రాను."

అక్కడినుంచి నేరుగా ఆ తోడికోడలి దగ్గరికి పోయాను. వాళ్లిద్దరికీ రెండేళ్లుగా మాటల్లేవు. ఒక గుమ్మడికాయ దగ్గర తెగిపోయాయి. "మీ అక్క వస్తే నువ్వు రావంట" అన్నాను. "నేను రాననేతందుకు అదెవరు? నా పేరు రాసుకో" అంది. ఆ సంగతి మళ్లీ పక్కింట్లో చెప్పాను. "అది పోయినంక నేను పోకుంటే ఓడినట్టే గదా" అని ఆమె కూడా ఒప్పుకుంది. అబద్ధం చెప్పలేదు, నిజాన్ని కొంచెం వరస మార్చి చెప్పాను, అంతే.

కోస్తా వైపు నుంచి వచ్చి మిరపతోటలు పెట్టిన రైతు భార్య ఒకావిడ ఉండేది. "మేం రగ్గులు కొనుక్కుంటామండి, కుట్టుకోం" అని కాఫీ ఇచ్చి పంపింది. నేను వీధి మలుపు తిరిగేలోపు వెనకనుంచి పిలిచి, గొంతు తగ్గించి, "ఎన్నింటికి రమ్మన్నారండీ?" అని అడిగింది. గూడెంలో ఇద్దరు తోడికోడళ్లు తలూపారు గానీ, వాళ్ల అత్తను కూడా తీసుకొస్తేనే వస్తామన్నారు. ఆ ముసలమ్మకు తెలుగు అంతగా రాదు, నాకు వాళ్ల కోయమాట రాదు. ఇద్దరం ఒకరినొకరం చూసి నవ్వుకున్నాం, ఆమె సభ్యురాలైపోయింది. బడిలో అన్నం వండే అక్క గిన్నెలు తోముకుని వస్తానంది.

అప్పటికి నాతో కలిపి ఎనిమిది. తొమ్మిదో మనిషి తనంతట తానే వచ్చాడు. ఇల్లందు బొగ్గుబాయిలో పని చేసి రిటైరై వచ్చిన పెద్దాయన, భార్య పోయి ఒక్కడే ఉంటాడు. మా వాకిట్లో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"బొంతల సంఘమంట గదా బిడ్డా. నేనూ వస్త."

"ఆడవాళ్ల సంఘం మామా."

"మరి నా బొంత ఎవరు కుడుతున్నరనుకున్నవ్? సూది పట్టేతందుకు మీసమేమన్న అడ్డమొస్తదా?"

మీసం అడ్డం రాదని ఒప్పుకుని, నా మూడో తరగతి అక్షరాలతో ఆయన పేరు కూడా రాసుకున్నాను. పదో మనిషి, వండే అక్క వాళ్ల ఆడబిడ్డ. సరిగ్గా బేస్తారం పొద్దున ఆమె తన కూతురికి నొప్పులొచ్చాయని కొత్తగూడెం దవాఖానాకు బస్సెక్కి పోయింది. నొప్పులను ఆగమనలేం కదా.

మా అత్తమ్మను అడిగాను. అడగకుండా ఎలా ఉంటాను, ఎదురుగానే ఉంది. "నీ సంఘం నీది, నా గుట్టు నాది" అని తమలపాకు నోట్లో పెట్టుకుంది.

మధ్యాహ్నం గదిలో తొమ్మిదిమందిమి చేరాం. తలా ఒక పాత చీర తెచ్చారు. మొదట ఎవరూ మూట విప్పలేదు. ఎవరి చిరుగులు వాళ్లకు సిగ్గు. చివరికి బొగ్గుబాయి మామ తన మూటలోనుంచి పాత లుంగీ తీసి అందరి ముందూ దులిపాడు. అందులోనుంచి అవతలి కిటికీ మొత్తం కనపడింది. ఇక ఎవరికీ సిగ్గు మిగల్లేదు. చీరలన్నీ పొరలుగా పరిచి నాలుగువైపులా కూర్చున్నాం. గూడెం ముసలమ్మ ఇంటినుంచి ఒక చాట తెచ్చుకుంది. దాన్ని ఒళ్లో పెట్టుకుని, బొంత అంచు దాని మీదికి లాక్కుని కుట్టడం మొదలుపెట్టింది. ఎందుకని ఎవరం అడగలేదు. వాళ్ల పద్ధతేమో అనుకున్నాం.

రెండు వరుసలు పడ్డాయో లేదో, గుమ్మంలో మా అత్తమ్మ. పెళ్లిళ్లకు తప్ప తీయని నెమలికంఠం చీర కట్టుకుంది. నేను ఎప్పుడైనా ఉతికి ఆరేస్తానన్నా ఆ చీరను నా చేతికి ఇచ్చేది కాదు.

"బర్రె అరుస్తుంది, ఇంటికి రా" అంది నాతో.

బర్రె కోసం నెమలికంఠం చీర ఎవరూ కట్టుకోరు. ఆమె కళ్లు పక్కింటి వదిన వరుస మీద పడ్డాయి.

"ఇదేందే, కుట్టా? కోడి కెలికిందా?"

"నువ్వు చూపించు మరి పెద్దమ్మా" అంది వదిన.

"ఒక్క వరుస చూపిస్త, పోత. నన్ను సంఘంల రాసేరు, జాగర్త." కూర్చుంది. "నేల మీద పెట్టి కుడితే వరుస వంకర పోతది. ఒళ్లెకు గుంజుకోవాలె. మోకాళ్ల మీద బిగ్గ పట్టాలె. గిట్ల."

తొమ్మిదిమందిలో చాట ఉన్న ముసలమ్మ తప్ప అందరం బొంతను ఒళ్లోకి గుంజుకున్నాం. డప్పులా బిగిసింది. ఇక చూడండి, సూదులు పరుగెత్తాయి. ఒక్క వరుస అన్న అత్తమ్మ నాలుగు వరుసలు వేసింది. ఎదురుగా గూడెం ముసలమ్మ కూడా నాలుగు వేసింది. అత్తమ్మ అయిదోది మొదలుపెట్టి ఆమె వైపు చూసింది. ఆమె ఆరు అని వేళ్లు చూపించి నవ్వింది. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి రాదు, పందెం మాత్రం బాగా అర్థమైంది. అత్తమ్మ తన పెళ్లినాటి సంగతులు కూడా చెప్పింది. అవి పదహారేళ్లలో నేను ఎన్నడూ వినలేదు. కోస్తా ఆవిడ "ఆ తర్వాత ఏమైందండీ?" అంటూ సూది ఆపకుండా అడిగింది.

వాగు వైపునుంచి మోటార్‌సైకిల్ చప్పుడు వినపడింది. అత్తమ్మను వదిలి లెక్కపెట్టాను. తొమ్మిదిమందిమే.

"అత్తమ్మా, ఇంకొంచెంసేపు కూసో" అన్నాను.

"గదే వద్దన్న. లెక్కల పడ్త నేను. పోత" అని ఆమె మోకాలి మీద చెయ్యి వేసి లేచింది.

ఆమెతోపాటు బొంత లేచింది. బొంతతోపాటు పక్కింటి వదిన కుచ్చిళ్లు, కోస్తా ఆవిడ పమిట అంచు, నా మోకాలు లేచాయి. బొగ్గుబాయి మామ రెండు చేతులతో నడుము దగ్గర పట్టుకుని అత్తమ్మ వైపు చూశాడు.

"వదినా, ఆగు, ఆగు. నువ్వు లేస్తే నేను ఈ ఊళ్లె ఉండేటట్టు లేదు. నా లుంగీ."

అప్పుడు తెలిసింది. బిగ్గ పట్టి, గట్టిగా పొడిచి, ఎవరి బట్టలు వాళ్లం బొంతకు కలిపి కుట్టేసుకున్నాం. ముసలమ్మ ఒక్కతే చాట తీసి పక్కన పెట్టి, హాయిగా కాళ్లు చాపుకుంది. చాట ఎందుకో అప్పుడు అందరికీ అర్థమైంది. అత్తమ్మ మళ్లీ కూలబడింది.

సర్పంచమ్మ లోపలికి వచ్చింది. మా ఊళ్లో సర్పంచి వస్తే కూర్చున్నవాళ్లు లేవాలి, ఆమె "కూసోండి" అనాలి. ఆమె చెయ్యి ఎత్తింది, నోరు తెరిచింది. ఎవరమూ లేవలేదు. ఎత్తిన చెయ్యి ఏం చేయాలో తెలియక, దాంతోనే లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"పది" అంది.

"తొమ్మిదే" అంది మా అత్తమ్మ. "నేను సంఘంల లేను. కోడల్ని పిలువొచ్చిన."

నేను తల దించుకున్నాను. కళ్ల ముందు ఎరువు బస్తాలు దొంతరలుగా పేరుకున్నాయి.

"అయితే లేచి ఇటొచ్చి నిలబడు పెద్దమ్మా" అంది సర్పంచమ్మ.

అత్తమ్మ లేవలేదు. చాట ముసలమ్మ వాళ్ల మాటలో ఏదో రెండు ముక్కలు చెప్పింది. సర్పంచమ్మకు సంగతి తెలిసి, నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. కిటికీ వైపు తిరిగి, ముఖం సరిచేసుకుని, "కత్తెర ఎక్కడ? నాలుగు దారాలు తెంపితే పోతది" అని కత్తెర అందుకుంది.

"ఏయ్" అంది అత్తమ్మ. "నా కుట్టుకు కత్తెర పెడ్తవా? నేను సూది పట్టిన కాడినుంచి నా కుట్టు ఎవరూ తెంపలే."

"మరెట్ల లేస్తవు?"

అత్తమ్మ బొంత వైపు చూసింది. తను వేసిన వరుసలను వేలితో తడిమింది. తర్వాత ఒళ్లో చీరను చూసుకుంది.

"చీర కొయ్యి" అంది.

సర్పంచమ్మ నా ముఖం చూసింది, కత్తెర నా చేతికి ఇచ్చింది. నేను చీర అంచు పట్టుకుని ఆమె వైపు చూశాను. "చూస్తవేందే, కొయ్యి. అంచు కాడ, చక్కగ" అంది అత్తమ్మ. కోశాను. ఆమె లేచి నిలబడింది. మోకాలి దగ్గర చీరకు అరచేయంత కిటికీ పడింది.

"అందరూ పాత చీరలు ఇచ్చిన్రు" అంది సర్పంచమ్మ. "నువ్వొక్కదానివే కొత్తది ఇచ్చినవు. ఇంక లేనంటే ఎట్ల పెద్దమ్మా?"

అత్తమ్మ పేర్లు రాసిన కాగితం వైపు చూసింది. "రాసుకోండ్రి. కానీ మొదటి పేరు నాది."

నేను నా పేరు కొట్టేసి పైన ఆమెది రాశాను. నాది పదో పేరైంది. సర్పంచమ్మ కొంగు ముడి విప్పి తాళంచెవి తీసింది. అది నాకు కాదు, అత్తమ్మకు ఇచ్చింది.

మిగతావాళ్లవి కుట్లు విప్పాం. మా కుట్లకు అంత పరువు లేదు, తొందరగానే ఊడాయి. పక్కింటి వదిన, ఆమె తోడికోడలు ఒకే మూలకు చిక్కుకున్నారు. "నీ మోకాలు జరుపు" అంది ఒకామె. "నీదే జరుపు" అంది రెండో ఆమె. రెండేళ్లకు అవి తొలి మాటలు. మామ తన లుంగీ కుట్లు విప్పుకునేదాకా ఆడవాళ్లమంతా గోడ వైపు తిరిగి కూర్చున్నాం. గోడ ముందు కూర్చుని నేను అంతగా నవ్వడం అదే మొదలు.

మరుసటి బేస్తారం నుంచి ప్రతి ఒక్కరూ ఇంటినుంచి చాట తెచ్చుకున్నారు. అత్తమ్మ మాత్రం తేలేదు. "నా చెయ్యి తప్పదు" అనేది. మళ్లీ రెండుసార్లు కుట్టుకుంది గానీ, ఆ రెండుసార్లూ పాత చీరే కట్టుకొచ్చింది.

ఆ తొలి బొంతను అందరూ ఆమెకే ఇచ్చారు. చివరిదాకా అదే కప్పుకుంది. మీ కాళ్ల మీద ఉన్నది అదే. వేలితో చూడండి, ఆమె వరుసలు అయిదూ అలాగే ఉన్నాయి. నావి రెండుసార్లు ఊడితే మళ్లీ వేసుకున్నాను.

ఇక పొద్దుపోయింది, లేవండి. లేచే ముందు ఒకసారి ఒళ్లో చూసుకుని లేవండి. మీ ఇంటి చూరు కురవకుండా, మీ పొయ్యి చల్లారకుండా, చలికి కప్పుకునే బొంత మీద మీ వాళ్లందరి చీరలూ పక్కపక్కన ఉండేటట్టు, అలిగినవాళ్లు కూడా మీ గుమ్మంలోకి మంచి చీర కట్టుకుని వచ్చేటట్టు, చల్లగా ఉండండి.