మోకు విప్పేదాకా

ఈ ఉదయం కోమటిచెరువు కట్ట మీద నడుస్తుంటే, పరుగు పందెం వాళ్లు బల్ల వేసి కాగితం గ్లాసుల్లో నీళ్లు నింపుతున్నారు. పచ్చ టీషర్టు వేసుకున్న ఒక అమ్మాయి నా పొట్టను కూడా లెక్కచేయకుండా, నేనూ పందెంలో ఉన్నాననుకుని గ్లాసు చేతిలో పెట్టింది. అంత గౌరవం దక్కినప్పుడు ఊరుకోవడం మర్యాద కాదని నాలుగడుగులు ఉరికి చూపించాను. ఆయాసం తగ్గాక గ్లాసు వైపు చూశాను. తాగబుద్ధి కాలేదు. మా బావ గుర్తొచ్చాడు.

బావ అంటే మా అక్క మొగుడు. మద్దూరు దిక్కు ఒక ఊళ్లో తాటిచెట్లు గీసి కల్లు దింపేవాడు. ఆయన ఎక్కితే గద్దలు పక్కకు జరిగి దారిచ్చేవని, హుస్నాబాద్ బస్టాండుకు ఏ బస్సు వచ్చిందో పైనుంచే చూసి చెప్పేవాడని పెళ్లిళ్లలో నేను చాలామందిని నమ్మించాను. గద్దలూ బస్సులూ నా సొంత కల్పన. ఎండ ముదిరేలోగా తన వంతు చెట్లన్నీ ఎక్కి దిగేవాడన్నది మాత్రం నిజం. అంతసేపూ నీళ్లు ముట్టేవాడు కాదు. నడుమునూ చెట్టునూ కలిపి చుట్టుకునే తాడును మోకు అంటారు. కడుపులో నీళ్లు కదిలితే పైన కళ్లు తిరుగుతాయని, మోకు విప్పేదాకా గొంతులో చుక్క పడొద్దని వాళ్ల నాయిన పెట్టిన కట్టడి. నాయిన పోయినా కట్టడి పోలేదు.

ఒక వానాకాలం బావ చెట్టు మీంచి జారి పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ నడుము పట్టేసింది. నెలలు గడిచి, మళ్లీ చెట్లు పంచుకునే రోజు వచ్చింది. గీసే చెయ్యి లేనివాడి చెట్లు ఇంకొకరి వంతులో కలుస్తాయి, అది వాళ్ల గీత కార్మికుల సంఘం పద్ధతి. సంఘం పెద్దమనిషి మెల్లగానే చెప్పాడు.

“ఈ యేడు కింద కూసో తమ్మీ. నీ చెట్లు వేరేటోళ్లు గీస్తరు.”

“నా నడుం బాగనే ఉన్నదన్నా. ఇప్పుడే ఎక్కి చూపియ్యాల్నా?”

“వద్దు వద్దు. నువ్వు మళ్ల పడితే నీ పెండ్లాం మమ్ముల బతకనియ్యది.”

అందరూ నవ్వారు. బావ నవ్వలేదు. సిద్దిపేటలో హాఫ్ మారథాన్ జరగబోతోందని ఆయన ఎక్కడో విన్నాడు. “ఇరువై ఒక్క కిలోమీటర్లు ఉరికినోన్ని చేతగానోడంటరా?” అని అడిగాడు. పెద్దమనిషి మీసం సర్దుకుని, “ఉరుకు. నీ చెట్ల జోలికి ఎవడొస్తడో నేను చూస్త” అన్నాడు.

ఆ రోజు నుంచి బావ ఊరి బాట మీద పరుగు మొదలుపెట్టాడు. “ఈ వయసుల పోలీసు నౌకరికి పోతున్నవా ఏంది?” అని మా అక్క తిట్టేది, తిడుతూనే నడుముకు నూనె రాసేది. ఆ నూనెతో నొప్పి తగ్గలేదు కాబోలు, పందెం నాడు పొద్దున్నే నొప్పి గోలీలు మింగాడట. ఆ సంగతి మాకు దవాఖానలో తెలిసింది.

పందెం చూడటానికి సంఘం వాళ్లంతా వచ్చారు. బూట్లూ, చేతి గడియారాలూ, మెరిసే బనియన్లూ ఉన్న ఆ గుంపులో మా బావ భుజానికి మోకు వేసుకుని నిలబడ్డాడు. నేను నీళ్ల బల్ల దగ్గర కాపు కాశాను. చాలాసేపటికి వచ్చాడు. పెదవుల మీద తెల్లగా ఉప్పు పేరుకుంది. ముఖాన చెమట ఆగిపోయింది.

“బావా, రెండు గుటకలన్న తాగు!” అంటూ గ్లాసు పట్టుకుని పక్కనే ఉరికాను.

భుజం మీది తాడును తట్టి చూపించాడు. “మోకు మీదున్నది బామ్మర్దీ. దిగినంక తాగుత.”

పరుగు పూర్తి చేశాడు. ఆయన తర్వాత కూడా కొందరు కుర్రవాళ్లు వచ్చారు. మోకు తీసి మా అక్క చేతికిచ్చి, చెంబెడు నీళ్లు ఎత్తి గటగటా తాగి, అక్కడే కూలబడ్డాడు. మర్నాటికి మూత్రం నల్లటి కషాయంలా వచ్చి, ఆ తర్వాత ఆగిపోయింది. నీళ్లు లేక, ఆ గోలీల వల్ల, ఒళ్లు అంతసేపు కాగిపోయి రెండు కిడ్నీలూ దెబ్బతిన్నాయని డాక్టరు చెప్పాడు. పెద్దమనిషి దవాఖానకు వచ్చి, మంచం పట్టె పట్టుకుని నిలబడి, “నీ చెట్లు నీయే తమ్మీ” అన్నాడు. మాట తప్పలేదు. ఆ చెట్లు ఈనాటికీ బావ పేరు మీదే ఉన్నాయి. ఆయన మాత్రం మళ్లీ ఎక్కలేదు.

ఆ తర్వాత వారం వారం మిషను మీద రక్తం కడిగించుకోవడమే బతుకైంది. ఒళ్లు ఉబ్బుతుందని డాక్టరు నీళ్లకు కొలత పెట్టాడు. మా అక్క పొద్దున్నే ఒక చిన్న గిన్నె నింపి పెట్టేది. రోజంతటికీ అదే. ఒక సాయంత్రం అక్క లోపలికి వెళ్లగానే బావ ఆ ఖాళీ గిన్నె నా వైపు జరిపాడు.

“దిగినంక తాగుతనంటి గద బామ్మర్దీ. దిగిన. జెర పొయ్యరాదూ?”

నోరు తెరిస్తే అబద్ధం దొరకని రోజు నాకు అదొక్కటే. పొయ్యలేదు. ఎండలు ముదరకముందే పోయాడు.

కట్ట మీద ఆ కాగితం గ్లాసు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఇరవై ఒక్క కిలోమీటర్లను ఒక్క పొద్దుటిపూటలో దాటేసిన మనిషికి, చివరి రోజుల్లో ఆ గిన్నెడు నీళ్లు దాటడానికి పొద్దంతా పట్టేది.